తాతయ్య కుర్చీలో రెక్కలు

తలుపు తీయగానే ఆమెకు ముందు కనిపించింది మనిషి కాదు, బొద్దింక.

ఆరడుగుల బొద్దింక. వ్యాన్ పక్కభాగమంతా పరుచుకుని, కాళ్ళు పైకెత్తి, కళ్ళు తేలేసిన ఎర్రటి బొమ్మ. వానలో తడిసి మరీ నిగనిగలాడుతోంది. దాని ముందు పెట్టె పట్టుకుని ఒక యువకుడు నవ్వుతూ నిలబడ్డాడు.

"పెస్ట్ కంట్రోల్ అండీ. ఫోన్ చేశారుగా..."

"ష్! ముందు ఆ వ్యాన్ తీసేయండి!"

"ఎక్కడికి?"

"పక్క వీధికి. కాదు కాదు, రెండు వీధుల అవతలికి."

"వానండీ..."

"చూడండీ, ఇది బిస్కెట్లు అమ్మే ఇల్లు. గేటుకి బోర్డు కనిపించడం లేదా? దాని పక్కన మీ బొద్దింక నిలబడితే, రేపట్నుంచి నేను కూడా అలాగే కాళ్ళు పైకెత్తి పడుకోవాలి."

అతను బోర్డుని చూశాడు. బొద్దింకని చూశాడు. ఆమెని ఇంకొంచెం ఎక్కువసేపు చూశాడు.

"నిజమే. కాంబినేషన్ బాలేదు," అని ఒప్పుకుని వెళ్ళాడు.

పది నిమిషాల తర్వాత నిలువునా తడిసి, బూట్లు చేత్తో పట్టుకుని వచ్చాడు. "లోపలికి రావచ్చా? లేక నన్ను కూడా ఎక్కడైనా పార్క్ చేసి రమ్మంటారా?"

నవ్వు తన్నుకొచ్చింది కానీ ఆమె బయటపడనివ్వలేదు. నవ్వే పరిస్థితి కాదు. ఇవాళ మంగళవారం. శుక్రవారం పొద్దున లైసెన్సు ఇన్‌స్పెక్టరమ్మ వస్తుంది. వంటింట్లో ఒక్క పురుగు కనిపించినా ఓవెన్‌కి సీలు పడుతుంది. మూడేళ్ళు కష్టపడి వీధి వీధంతా 'బిస్కెట్లమ్మాయి' అని పిలిచేలా చేసుకున్న బతుకు ఒక్క సంతకంతో పోతుంది.

వంటింట్లో అడుగుపెట్టగానే అతని మొహంలో కూడా ఆ కొంటెతనం పోయింది.

"ఏం కనిపిస్తున్నాయి?"

"చిన్న చిన్న రెక్కల పురుగులు. రెండు నెలల నుంచి. పిండంతా పారేశాను. డబ్బాలు మార్చాను. అరలన్నీ వేడినీళ్ళతో కడిగాను. పోయాయనుకుంటాను, సాయంత్రానికి మళ్ళీ ఉంటాయి." ఆమె గొంతు తగ్గించింది. "నాలుగున్నరకి. టైము ప్రకారం వస్తాయి."

అతను నవ్వలేదు. నవ్వి ఉంటే ఆమెకు ధైర్యంగా ఉండేది.

ఒక్కో డబ్బా మూత తీసి లోపలి అంచు వెంట వేలు తిప్పాడు. అరల మేకుల సందుల్లోకి టార్చి వేశాడు. కిటికీ మూల నుంచి చచ్చిన పురుగునొకదాన్ని పట్టకారుతో తీసి, తెల్లకాగితం మీద పెట్టి, భూతద్దం పట్టాడు.

"రండి, చూడండి."

అద్దం ఒకటి, తలలు రెండు. అతని జుట్టులోంచి ఒక చుక్క జారి కాగితం మీద టప్పున పడింది. ఇద్దరూ ఒకేసారి వెనక్కి జరిగారు. మళ్ళీ ఒకేసారి ముందుకు వంగారు.

"రెక్క పై సగం లేత బూడిద. కింది సగం రాగి రంగు. చూశారా? పెంకుపురుగు కాదు, ముక్కపురుగు కాదు. గింజల్లో పెరిగే రెక్కపురుగు ఇది. కుట్టదు, కరవదు. అసలు తినదు కూడా. తినాల్సిందంతా పిల్లప్పుడే తినేస్తుంది. రెక్కలొచ్చాక దీనికి ఒకటే పని."

"ఏమిటది?"

"జోడీని వెతుక్కోవడం." అన్నాక అతని చెవులు ఎర్రబడ్డాయి. "అంటే... సైన్సు ప్రకారం."

"సైన్సు ప్రకారమేలెండి," అంది ఆమె గంభీరంగా.

"పిల్లలు ఎక్కడ తింటున్నాయో అది దొరికితే చాలు. మీ డబ్బాల్లో లేవు. ఇంత శుభ్రమైన డబ్బాలు నేనెక్కడా చూడలేదు." అంటూ టార్చి పైకెత్తాడు. గోడ, కప్పు కలిసే చోట బియ్యపు గింజంత తెల్లటి పురుగులు ఒకదాని వెనక ఒకటి మెల్లగా పాకుతున్నాయి. ఆమె రెండు చేతులూ నోటికి అడ్డం పెట్టుకుంది. తన వంటిల్లు! పొద్దున్నే తుడిచిన గోడ!

"గూడు కట్టుకోవడానికి ఇలా పైకి ఎక్కుతాయి. ఎక్కణ్ణుంచి ఎక్కాయో చూస్తే..."

టార్చి వెలుగు గోడ వెంట కిందికి దిగింది. మెల్లగా దిగి, కిటికీ పక్కన ఆగింది.

అక్కడ ఒక చేతుల కుర్చీ ఉంది. దాని మీద అరిగిపోయిన దిండు. కుర్చీ ముందు చిన్న బల్ల, బల్ల మీద కప్పు. కప్పులో టీ పొగలు కక్కుతోంది. కుర్చీలో ఎవరూ లేరు.

"ఇది ఎవరి కుర్చీ?"

"మా తాతయ్యది."

"ఆయన్ని ఒకసారి అడిగి కుర్చీ జరుపుతాను. ఎక్కడున్నారు?"

"ఆయన పోయి ఆరు నెలలైంది."

అతను కప్పు వైపు చూశాడు. పొగ ఇంకా లేస్తూనే ఉంది.

"ఆరు నెలల పన్నెండు రోజులు," అంది వెనక నుంచి ఒక గొంతు.

అమ్మమ్మ. ఎప్పుడొచ్చిందో ఇద్దరికీ వినపడలేదు. వచ్చి కుర్చీకి ఎదురుగా పీట మీద కూర్చుంది. బయట మబ్బు కమ్మింది. గోడ గడియారం నాలుగున్నర చూపిస్తోంది.

అప్పుడు కదిలాయి.

కుర్చీ చెయ్యి మీద ఒకటి. వెన్ను మీద రెండు. ఇంతలోనే ఐదు, తొమ్మిది. కొంచెం కూడా చప్పుడు లేదు. చప్పుడు చేసే పురుగుని చెప్పుతో కొట్టచ్చు. ఇవి ఎవరో ఊపిరి వదిలినట్టు కుర్చీలోంచి లేచి, మనిషి కూర్చుంటే తల ఎక్కడ ఉంటుందో సరిగ్గా అక్కడే తిరుగుతున్నాయి.

"వచ్చారా?" అంది అమ్మమ్మ కుర్చీతో. "ఇవాళ ముసురు పట్టింది. మోకాలు లాగేస్తోందా?"

మనవరాలి ఒళ్ళు జలదరించింది. రోజూ వినే మాటే. రోజూ అలాగే జలదరిస్తుంది. తెలియకుండానే పక్కనున్న అతని తడి చొక్కా చెయ్యి పట్టుకుని, తెలిశాక వదిలేసింది.

"నువ్వేనా బాబూ మందు కొట్టేవాడివి?" అమ్మమ్మ తల తిప్పలేదు.

"అవసరమైతేనేనండీ. ఆ దిండు కింద ఒక్కసారి చూస్తే..."

"ఆ కుర్చీ మీద చెయ్యేశావో, ఊరుకోను."

*

బుధవారం మధ్యాహ్నం మళ్ళీ వచ్చాడు. వ్యాన్ రెండు వీధుల అవతల పెట్టి, వానలో నడిచి వచ్చాడు. ఈసారి గొడుగు తెచ్చుకున్నాడు. పెద్ద గొడుగు. ఇద్దరికి సరిపోయేంత.

"అమ్మమ్మ ఒప్పుకోవడం లేదు," అంది ఆమె. "రాత్రి ఎంత బతిమాలినా 'మీ తాతయ్యని వెళ్ళగొడతావా' అంటుంది."

"ఆవిడ ఒప్పుకునే దాకా వీటిని పెడదాం." ముక్కోణపు అట్ట డబ్బా మడిచాడు. లోపలంతా జిగురు. చిన్న పొట్లం చింపి రబ్బరు బిళ్ళ ఒకటి తీశాడు. "ఇందులో ఆడపురుగు వాసన ఉంటుంది. మనకి తెలియదు. మగపురుగులకి మాత్రం ఇంటి ఈ చివర నుంచి ఆ చివరకి తెలుస్తుంది. వచ్చి జిగురులో పడతాయి."

"మగవాళ్ళు అంత తేలిగ్గా పడిపోతారా?"

"పాపం, ఆలోచించే టైము ఇవ్వరండీ."

ఆమె మాటకి మాట అందుకునేలోపే కాలింగ్ బెల్ మోగింది. కిటికీలోంచి తొంగి చూసింది. పుట్టినరోజుకి నాలుగు వందల బిస్కెట్లు చెప్పిన ఆవిడ!

"అయ్యో! దాక్కోండి!"

"నేనా? ఎక్కడ?"

"ఎక్కడేమిటి, ఇక్కడ!" అతన్ని బిళ్ళతో, పొట్లంతో సహా సామాన్ల గదిలోకి తోసి తలుపు వేసేసింది.

ఆర్డరావిడ వచ్చి, కూర్చుని, బిస్కెట్ల మీద గులాబీ రంగా నీలం రంగా అని తేల్చుకోలేక తికమకపడుతూ ఉండగా, సామాన్ల గదిలో ఎవరో గట్టిగా తుమ్మారు.

"ఎవరది?"

"పిల్లి."

"పిల్లి తుమ్మిందా?"

"జలుబు చేసిందండీ. వానలు కదా."

ఆవిడ వెళ్ళాక తలుపు తీస్తే, అతను మైదా బస్తాకీ గోడకీ మధ్య ఇరుక్కుని నిలబడి ఉన్నాడు. జుట్టు తెల్లబడి ఒక్కసారిగా అరవై ఏళ్ళవాడిలా ఉన్నాడు.

"బయటికి రావచ్చా?"

"ముందు మ్యావ్ అనండి."

"...మ్యావ్."

రెండు నెలల్లో మొదటిసారి ఆ వంటింట్లో ఆమె పగలబడి నవ్వింది. ఆ నవ్వుకి అమ్మమ్మ కూడా గదిలోంచి వచ్చింది. అతన్ని ఎగాదిగా చూసి, ఏమనుకుందో, "టీ తాగుతావా బాబూ?" అంది.

బల్ల మీద మూడు కప్పులు పెట్టింది. నాలుగోది ఎప్పటిలాగే కుర్చీ ముందు. మబ్బు దిగి గదిలో చీకటి పడుతోంది. గడియారం చూడక్కర్లేదు. కుర్చీ వెన్ను మీద మొదటి రెక్క కదిలింది.

రోజూ లేచినట్టే లేచాయి. కానీ రోజూ తిరిగినట్టు తిరగలేదు. గాలిలో ఒక్క క్షణం తడబడి, కుర్చీని వదిలి, వరసగా అతని వైపు వచ్చాయి. ఒకటి వచ్చి గుండె మీద వాలింది. పక్కనే ఇంకొకటి. మూడు. ఏడు. చొక్కా ఎడమవైపు రాగి రంగు రెక్కలు మెల్లగా తెరుచుకుంటూ మూసుకుంటూ, ఊపిరి తీసుకుంటున్నట్టున్నాయి.

అతను కప్పు పట్టుకున్న చెయ్యి కదపలేదు.

అమ్మమ్మ కళ్ళు నిండిపోయాయి. "ఎవరి మీదా వాలలేదు," అంది. "ఈ రెండు నెలల్లో నా మీద కూడా వాలలేదు. నిన్ను ఒప్పుకున్నారు బాబూ. ఆ కుర్చీ... నువ్వు ముట్టుకోవచ్చు."

ఆమె గుండె ఒక్కసారి ఎగిరింది. శుక్రవారం గండం గట్టెక్కినట్టే!

అతను లేచి కుర్చీ దగ్గరికి నడిచాడు. పెన్ను టార్చి కోసం చొక్కా జేబులో చెయ్యి పెట్టాడు. పెట్టిన చెయ్యి అక్కడే ఆగిపోయింది. మెల్లగా బయటికి తీస్తే, వేళ్ళ మధ్య చిరిగిన పొట్లం, అందులో రబ్బరు బిళ్ళ.

ఆమె చూసింది. అతను తనని చూడటం కూడా చూసింది. వద్దని కళ్ళతోనే వేడుకుంది. రెండే రెండు నిమిషాలు. తర్వాత చెప్పుకోవచ్చు.

"అమ్మమ్మగారూ," అన్నాడతను. "ఇవి నన్ను ఒప్పుకుని వాలలేదండీ. హడావుడిలో ఈ బిళ్ళ జేబులో పడేసుకున్నాను. దీని వాసనకి వాలాయి. ఇంకేమీ లేదు."

అమ్మమ్మ లేచింది. కుర్చీ ముందు చల్లారిన కప్పు తీసుకుని, గదిలోకి వెళ్ళి తలుపు వేసుకుంది.

"ఏం మనిషండీ మీరు!" అందామె. "రెండు నిమిషాలు నోరు మూసుకోలేరా? ఎల్లుండి నా ఓవెన్‌కి సీలు వేస్తారు, తెలుసా?"

"తెలుసు."

"మరి?"

అతను చొక్కా మీది పురుగుల్ని ఒక్కొక్కటిగా అట్టడబ్బాలోకి దించాడు. పెట్టె మూశాడు. "వాసనతో ఎర వేసి పురుగుల్ని పడతాను. అది నా పని. మనుషులకి మాత్రం ఎర వేయలేనండీ. అందులోనూ ఆవిడకి." గుమ్మం దగ్గర ఆగాడు. "అందులోనూ మీ ఇంట్లో."

గొడుగు మర్చిపోయి వానలోకి వెళ్ళిపోయాడు.

*

గురువారం పొద్దున ఆమె వంటింట్లోకి వచ్చేసరికి అమ్మమ్మ నేల మీద కూర్చుని ఉంది. కుర్చీ దిండు పక్కన పడుంది. ఒళ్ళో ఒక పూల గుడ్డ సంచి, జానెడు పొడుగు.

"ఇది... తాతయ్య మోకాలి సంచి కదా?"

గోధుమలు పోసి కుట్టిన సంచి. తాతయ్యే కుట్టుకున్నాడు, జీవితమంతా మిషను తొక్కిన దర్జీ. మిషను తొక్కీ తొక్కీ మోకాలు పోయింది. రోజూ నాలుగున్నరకి అమ్మమ్మ దాన్ని పెనం మీద వేడి చేసి ఇచ్చేది. ఆయన మోకాలి మీద పెట్టుకుని టీ తాగేవాడు. ఆయన పోయాక ఆ సంచి ఏమైందని ఎవరూ అడగలేదు.

"దిండు కింద దాచాను," అంది అమ్మమ్మ. "ఇంకా ఆయన వెచ్చదనం ఉంటుందని."

"అమ్మమ్మా..."

"ఆ అబ్బాయిని పిలువు. నిన్న నోరు మూసుకుని ఉంటే నేను నమ్మేదాన్ని. నువ్వు నమ్మించేదానివి. నిజం చెప్పి తిట్లు తిని పోయాడు. వాడి చేతికైతే ఇవ్వచ్చు."

పావుగంటలో వచ్చాడు. కుట్టు విప్పేముందు అమ్మమ్మ మొహం చూశాడు. ఆవిడ తలూపింది. విప్పాడు.

గోధుమలు గోధుమల్లా లేవు. తెల్లటి దారాలతో అల్లుకుపోయిన ఒక ముద్ద. అది మెల్లగా కదులుతోంది.

ఆమె వెనక్కి తిరిగి గోడ పట్టుకుంది. అమ్మమ్మ మాత్రం కళ్ళు తిప్పుకోలేదు.

"రోజూ వేడి చేసినన్నాళ్ళు పురుగు పట్టే వీల్లేదండీ," అన్నాడతను నెమ్మదిగా. "ఆ వేడికి గుడ్డు కూడా బతకదు. మీరు మానేసిన రోజు నుంచి..."

"ఆయన పోయిన రోజు నుంచి," అంది అమ్మమ్మ.

"మరి నాలుగున్నరకే ఎందుకు?" ఆమె గోడవైపు తిరిగే అడిగింది.

"తూర్పు కిటికీ, ముసురు రోజులు. ఈ గదికి ఆ వేళకే సంధ్య పడుతుంది. ఇవి సంధ్యకే లేస్తాయి."

అన్నిటికీ జవాబు ఉంది. అయినా ముగ్గురూ కాసేపు కుర్చీవైపే చూస్తూ ఉండిపోయారు.

గింజల్ని మూటకట్టి వారం రోజులు ఫ్రీజర్‌లో పెడతానన్నాడు. పురుగంతా చచ్చాక డాబా మీద పిట్టలకి వేయచ్చన్నాడు. పారేయమని అననందుకు అమ్మమ్మ అతని తల నిమిరింది. గుడ్డని మరిగే నీళ్ళలో వేశారు. కుర్చీ సందులు, గోడ మూలలు, మేకుల కన్నాలు ఇద్దరూ కలిసి సాయంత్రం దాకా వాక్యూమ్ గొట్టంతో పీల్చి, తుడిచి, మూశారు. ఒక్క చుక్క మందు వాడలేదు. మధ్యలో చేతులు రెండుసార్లు తగిలాయి. మూడోసారి తగిలినప్పుడు ఇద్దరూ తీసేసుకోలేదు.

శుక్రవారం ఇన్‌స్పెక్టరమ్మ నలభై డబ్బాల మూతలు తీసింది, అరల మేకుల్లోకి టార్చి వేసింది, సంతకం పెట్టింది. వెళుతూ వెళుతూ రెండు బిస్కెట్లు తిని, "మూడోది ఇస్తే లంచమవుతుంది," అని నాలుక కరుచుకుంది.

*

మూడు వారాలు గడిచాయి. డబ్బాల్లో జిగురు ఖాళీ. కప్పు మూలలు ఖాళీ. సాయంత్రాలూ ఖాళీ. పురుగు పోతే పురుగుల డాక్టరు కూడా పోతాడని ఆమెకు ముందు తట్టలేదు.

గొడుగు మాత్రం తలుపు వెనకే వేలాడుతోంది.

నాలుగో వారం ఆమె ఫోన్ చేసింది. "మళ్ళీ వచ్చింది. ఒకటి పట్టి అగ్గిపెట్టెలో పెట్టాను."

పది నిమిషాల్లో వచ్చాడు, నిలువునా తడిసి. ఒంటి మీద కొత్త నీలం చొక్కా. అగ్గిపెట్టె తెరిచి, భూతద్దం పట్టి, చాలాసేపు చూశాడు.

"ఇది దాల్చినచెక్క పొట్టు."

"అవునా?"

"తెలిసి పిలిచారా, తెలియక పిలిచారా?"

"మీరు డాక్టరు కదా. మీరే కనుక్కోండి."

అతను భూతద్దం దించలేదు. అద్దంలోంచి ఆమె కళ్ళు ఇంతేసి కనిపించి ఉండాలి. అతని చెవులు మళ్ళీ ఎర్రబడ్డాయి. "నాక్కూడా ఒకటి చెప్పాలనుంది. సైన్సు ప్రకారం కాదు."

"చెబుదురుగాని. వ్యాన్ ఎక్కడ పెట్టారు?"

"రెండు వీధుల అవతల."

"వెళ్ళి తీసుకురండి. గేటు ముందు పెట్టండి. బోర్డు పక్కన."

"అక్కడా? బొద్దింకతోనా? అందరూ చూస్తారండీ!"

"చూడనివ్వండి."

అతను ఒక్క క్షణం నిలబడి, అర్థమయ్యాక గుమ్మం తట్టుకుని పడబోయి, వానలోకి పరిగెత్తాడు. ఈసారి కూడా గొడుగు మర్చిపోయాడు. వీధి వీధంతా చూస్తుండగా ఎర్రటి బొద్దింక వచ్చి బిస్కెట్ల బోర్డు పక్కన ఆగింది.

లోపల పెనం మీద కొత్త గోధుమలు పోసిన పూల సంచి వేడెక్కుతోంది. ఇప్పుడు అది అమ్మమ్మ మోకాలికి. వంటిల్లంతా కాగిన గింజల వాసన. గదిలో మెల్లగా చీకటి పడుతోంది. అతను తల తుడుచుకుంటూ వచ్చి నిలబడ్డాడు.

గడియారం నాలుగున్నర చూపించింది.

ఎక్కణ్ణుంచి వచ్చిందో ఎవరూ చూడలేదు. ఒక్కటే. చప్పుడు లేకుండా గదంతా ఒకసారి చుట్టి, వచ్చి కొత్త చొక్కా మీద, గుండె దగ్గర వాలింది.

ఆమె చెయ్యి అతని చేతిలోకి వెళ్ళిపోయింది. అతను రెండో చేత్తో జేబు తిరగేశాడు. ఏమీ లేదు. "చొక్కా ఇవాళే కొన్నాను," అన్నాడు గొంతు తగ్గించి. "బిళ్ళలు వ్యాన్‌లో కూడా లేవు."

"ఏం పురుగు?"

భూతద్దం పట్టాడు. ఏ పురుగునైనా రెక్క చూసి పేరు చెప్పే మనిషి, చాలాసేపు చూసి, మెల్లగా అద్దం దించాడు.

"తెలియడం లేదు. ఈ రంగు నేనెప్పుడూ చూడలేదు."

అమ్మమ్మ సంచి మోకాలి మీద పెట్టుకుంది. పురుగువైపు చూసింది. వాళ్ళ చేతులవైపు చూసింది. మూడో కప్పు తీసి కుర్చీ ముందు పెట్టింది.

"అబ్బాయిని ఎంతసేపు నిలబెడతావే?" అంది మనవరాలితో. "కుర్చీ ఖాళీగానే ఉందిగా."

ఖాళీగా ఉందని ఆవిడ అనడం అదే మొదటిసారి.

అతను బెరుగ్గా కూర్చున్నాడు. పాత కర్ర ఒకసారి కిర్రుమంది. అప్పటిదాకా కదలని ఆ రెక్కలు విచ్చుకున్నాయి. అమ్మమ్మ తల చుట్టూ ఒక్కసారి తిరిగి, తెరిచి ఉన్న కిటికీలోంచి వానలోకి వెళ్ళిపోయాయి.

జల్లు లోపలికి కొడుతున్నా, ఆ సాయంత్రం ఎవరూ కిటికీ మూయలేదు.